తాజా ముక్క

మా రమాకుమారిని మూడోసారి కూడా ఆపరేషన్ గది గుమ్మం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేశారు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. పెదాలు ఎండి తోలు లేచిపోయింది. ట్రాలీ తోసుకొచ్చినవాడు దాన్ని వరండాలో మా బెంచీ పక్కన ఆపి, "ఆజ్ హోబే నా, టైమ్ శేష్" అన్నాడు. ఇవాళ కాదు, వేళ మించిపోయిందట. ఆ మాట అనేసి, చేతులకున్న రబ్బరు తొడుగులు లాగి చెత్తబుట్టలో పడేసి చక్కా పోయాడు. ఆ పూటంతా వాడు ఎందరినో అదే ట్రాలీ మీద తోశాడు, నేను చూస్తూనే ఉన్నాను. ఎవరికీ తొడుగులు వేసుకోలేదు.

నాకు కోపం ఎక్కువ. కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. నా పేరు అప్పలకొండమ్మ. అక్కడి రైల్వే తెలుగు బడిలో పంతులమ్మగా చేశాను. తెలుగు చదువుకునే పిల్లలు లేక బడి మూతపడింది, నేను రిటైరయ్యాను, కోపం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

రమాకుమారి నా మరదలు, తమ్ముడు గోవిందరాజు పెళ్ళాం. వాడు సంత్రాగాఛి యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. పోతూ పోతూ భార్యకి రెండు ఇచ్చి పోయాడు: రైల్వేలో తన బదులు ఒక ఉద్యోగం, ఒంట్లో హెచ్ఐవీ. మొదటిదాని కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. రెండోది ఇంటికే వచ్చింది. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు గానీ నేను వాణ్ణి ఇప్పటికీ తిడుతూనే ఉంటాను. పిల్లల్లేరు. ఆ క్వార్టర్లో మేమిద్దరమే. ఆమె డిపోలో ఏసీ బోగీల దుప్పట్లు మడతపెట్టి వస్తుంది, నేను వండి పెట్టి, ఎవరితో తగువు పడ్డానో వినిపిస్తాను. ఆమె వింటూ నవ్వుతుంది.

రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర. ఇన్నేళ్ళలో ఒక్కనాడు తప్పలేదు. రక్తంలో వైరస్ వెతికినా దొరకనంతగా తగ్గిపోయిందని ఆ మాత్రలిచ్చే మందుల కేంద్రంలో చెప్పారు. మాత్ర మానకపోతే అందరిలాగే బతుకుతావని చెప్పారు. మేం నమ్మాం. నమ్మడంలో తప్పేం లేదు, అది నిజమే. అందరిలాగే బతకవచ్చు, అందరూ బతకనిస్తే.

వానలు మొదలయ్యాక ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. చంకలో బిళ్ళలు కట్టాయి. బజారు దగ్గరి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పాత కాగితాలు చూసి, చెయ్యి వేసి చూడకుండానే, "మీకున్న జబ్బుకి ఇలాంటి బిళ్ళలు మామూలే" అని మందులు రాసి పంపేశాడు. రమాకుమారి కూడా తలూపింది. ఎందుకంటే ఆ జబ్బు బయటపడిన రోజుల్లోనూ ఆమెకి ఇలాగే చంకలో, మెడ పక్కన బిళ్ళలు కట్టాయి. ఒకసారి హెచ్ఐవీ అని పేరు పడ్డాక ఆ మనిషికి ఇంకే జబ్బూ రాదు కాబోలు! తలనొప్పి వస్తే అదే, కాలు బెణికితే అదే. మెట్ల మీంచి పడి చెయ్యి విరిగినా ఆ డాక్టరు అదేనని రాసేవాడు. అలా దుర్గాపూజ వచ్చి వెళ్ళిపోయింది, ఉసిరికాయ నిమ్మకాయ అయింది. చివరికి మందుల కేంద్రంలోనే ఒక నర్సు చెయ్యి వేసి చూసి, ఇది ఆ జబ్బు గడ్డ కాదమ్మా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి అని తరిమింది.

పెద్దాసుపత్రి గంగకి అవతల. లోకల్లో హౌరా దాకా, అక్కణ్ణుంచి లాంచీలో అవతలి ఒడ్డుకి, తర్వాత బస్సు. సూది గుచ్చి తీసి చూసి క్యాన్సర్ అన్నారు. సర్జన్ ఆశిష్ బాబు స్వయంగా చెప్పాడు: ముందు ఆపరేషన్, తర్వాత కీమో, అసలు ఆలస్యం చెయ్యకూడదని. ఆ మాట చెప్పినాయనే మమ్మల్ని మూడుసార్లు వెనక్కి పంపాడు.

మొదటిసారి పంపినప్పుడు నిజంగానే వేళ మించిపోయిందనుకున్నాం. రెండోసారి నేను వరండాలో నేల తుడిచే ఆయా మాసీని పట్టుకుని అడిగాను. ఆవిడ జాలిగా చూసి, "పాజిటివ్ కేసు కదా దీదీ, అందరి తర్వాతే" అంది. అప్పుడు తెలిసింది పద్ధతి. పాజిటివ్ ఉన్నవాళ్ళని ఆ రోజు వరసలో అందరికన్నా చివర పెడతారు. చివరి దాకా వచ్చేసరికి మత్తుమందు డాక్టరు వెళ్ళిపోతాడు, లేకపోతే ముందటి కేసు ఎక్కువసేపు పడుతుంది. అప్పుడు చివరి మనిషిని ఇంటికి పంపేస్తారు. మళ్ళీ వచ్చినప్పుడైనా ముందు పెడతారా అంటే అదీ లేదు. మళ్ళీ చివరే.

నేను తిన్నగా ఆశిష్ బాబు గదిలోకి వెళ్ళాను. ఆయన చాలా మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు. అది నాకు మరీ మంట పుట్టించింది. బెంగాలీలోనే అడిగాను, మా మనిషి చివర ఎందుకని.

"పాజిటివ్ కేసు తర్వాత థియేటరంతా శుభ్రంగా కడగాలి. అందుకని చివర" అన్నాడు.

"మిగతావాళ్ళ తర్వాత కడగరా?"

ఆయన చిన్నగా నవ్వాడు. చిన్నపిల్ల పెద్ద ప్రశ్న అడిగితే నవ్వినట్టు. నాకు అరవై దాటాయి.

"అందరికీ రక్తం పరీక్ష చేయిస్తారు కదా. అది కాపాడ్డానికా, వెనక్కి నెట్టడానికా? హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి వైద్యంలో తేడా చూపించకూడదని చట్టం ఉంది, మీకు తెలీదా?"

"తెలుసు. మేం ఆపరేషన్ చెయ్యం అనలేదు కదా. చివర చేస్తాం అంటున్నాం."

"ఆ చివర రానే రావడం లేదు కదా!"

"అది అదృష్టాన్ని బట్టి" అన్నాడు, గంట నొక్కి తర్వాతి మనిషిని పిలుస్తూ.

నా ఒళ్ళు భగభగా మండిపోయింది. ఫిర్యాదు రాస్తాను, పై వాళ్ళ దగ్గరికి వెళతాను, పేపరు వాళ్ళని పిలుస్తాను అని తిరుగు లాంచీలో అంతసేపూ అరుస్తూనే ఉన్నాను. జనం మా వైపే చూస్తున్నారు. రమాకుమారి నా చెయ్యి పట్టుకుంది.

"ఒదినా, నీ కోపం మంచిదే. నాను కాదన్ను. గానీ గెడ్డ నా ఒంట్లో ఉన్నాది, కత్తి ఆల్ల సేతిలో ఉన్నాది. గెడ్డ తీసీదాకా నీ కోపం ఎక్కడో ఒక దగ్గిర దాసీసుకో."

"ఎక్కడ దాసుకోమంతావే?"

"ఏమో మరి. దాసీసుకో అంతే. మల్లీ నానే అడుగుతాను."

అందుకే మూడోసారి ఆ ట్రాలీ మా బెంచీ పక్కన ఆగినప్పుడు నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. స్టీలు డబ్బాలో తెచ్చిన ఉప్మా తీసి రమాకుమారి చేతిలో పెట్టాను. ఆపరేషన్ తర్వాత నాలుగు మెతుకులు తిననిస్తారేమోనని తెచ్చిన ఉప్మా. అది చల్లారి గడ్డకట్టింది. ఆమె అదే తింటూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది డాక్టర్ శారద, నవ్వుతూ, చేతిలో కాగితాలతో. ఈవిడ తెలుగావిడే. రాజమండ్రి వైపు వాళ్ళు. భర్త బ్యాంకు ఆఫీసరు, బదిలీ మీద కలకత్తా వచ్చారు. ఈవిడ ఈ ఆసుపత్రిలో కోతలు కొయ్యదు, కోసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంది. సూది పరీక్ష రోజున మా మాట విని, అయ్యో తెలుగువాళ్ళా అని పొంగిపోయి, తను చేసే పరిశోధనలో రమాకుమారిని చేర్చుకోవాలనుందని, కాగితాలతో మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

బెంచీ మీద మా పక్కన కూర్చుని మెల్లగా వివరించింది. చెడ్డ మనిషి కాదు. చెప్పడం కూడా బాగా చెప్పింది.

"గడ్డ పెరిగే చోటికి మన ఒంట్లోని రక్షణ కణాలు వచ్చి దానితో పోరాడతాయండీ. హెచ్ఐవీ దెబ్బ కొట్టేది ఆ కణాల్లో ముఖ్యమైనవాటినే. మందులు వాడితే రక్తంలో వాటి లెక్క మళ్ళీ పెరుగుతుంది. కానీ గడ్డ లోపల ఏం జరుగుతోందో మనకి సరిగ్గా తెలీదు. అవి అక్కడికి తక్కువ వస్తున్నాయా, వచ్చినా అలసిపోయి ఊరికే ఉండిపోతున్నాయా? కొందరు ఒకలా చెప్పారు, కొందరు ఇంకోలా చెప్పారు. అది తెలిస్తే ముందు ముందు ఎవరికి ఏ మందు పనిచేస్తుందో చెప్పగలం."

"అంటే నా ఒంట్లో కాపలావోల్లు మెలకువగా ఉన్నారో, పడుకున్నారో సూత్తారన్నమాట" అంది రమాకుమారి, ఉప్మా నములుతూ.

"అదేనండీ!" అని శారద సంతోషపడింది. "హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వస్తే, లేనివాళ్ళ కంటే ఎక్కువమంది చనిపోతున్నారు. చాలా చోట్ల చూశారు. అందులో వైరస్ వాటా ఎంత, ఆలస్యం వాటా ఎంత అని విడదీయడం కష్టంగా ఉంది."

ఇక నేను ఆగలేకపోయాను. "వైరస్ వాటా మీ మైక్రోస్కోపులో చూసుకోండమ్మా. ఆలస్యం వాటా చూడ్డానికి ఏ అద్దాలూ అక్కర్లేదు. పొద్దుట వచ్చి ఈ బెంచీ మీద కూర్చోండి, కనబడుతుంది."

శారద ముఖం చిన్నబోయింది. "నాకు తెలుసండీ, మూడుసార్లు వాయిదా పడిందట. అందుకే మంచి కబురు తెచ్చాను. ఈసారి మీకిచ్చే తేదీన మీది మొదటి కేసు. ఆశిష్ సార్‌తో మాట్లాడేశాను."

నేను తెల్లబోయాను. "ఎలా ఒప్పుకున్నాడు?"

"మా పరిశోధనకి ముక్క తాజాగా కావాలండీ. తీసిన వెంటనే ల్యాబుకి చేరాలి, లేకపోతే ఆ కణాలు చచ్చిపోతాయి. మధ్యాహ్నం దాటితే మా మిషన్ మీద పనిచేసేవాళ్ళు ఉండరు. అందుకని పొద్దుటే మొదట తియ్యాలని చీటీ రాశాను. ఆయన చూసి వెంటనే సరేనన్నారు."

వెంటనే అట! మా మనిషి మూడుసార్లు కడుపు మాడ్చుకుని గుమ్మంలో పడి ఉన్నప్పుడు థియేటర్ కడగాల్సి వచ్చింది, పద్ధతి అడ్డొచ్చింది, అదృష్టం కలిసిరాలేదు. ముక్క వాడిపోతుందనేసరికి ఏ పద్ధతీ అడ్డు రాలేదు. మొదటి కేసు అయ్యాక థియేటర్ ఎవరు కడుగుతారో మరి! ఆ రోజు ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో!

"ఏటండీ ఇది!" అని లేచి నిలబడ్డాను. కోపం వస్తే నా బడి తెలుగు ఎగిరిపోతుంది. "మనిసి కుళ్ళిపోతే పరవానేదు, ముక్క మాత్రం తాజాగా ఉండాలా? అది ఈవిడ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అక్కర్నేదు, పైకి తీస్తే బంగారమా? మేం సంతకం పెట్టం. ఎల్లండి."

శారద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగితే తిరగనీ అనుకున్నాను. రమాకుమారి డబ్బా మూత పెట్టి, నోరు తుడుచుకుని, నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"కూకో ఒదినా. ముక్కకైతే ముక్కకే. ముందు తియ్యనీ." తర్వాత శారద వైపు తిరిగింది. "డాక్టరమ్మా, మీకిలాటి ముక్కలు ఎన్ని గావాల?"

"ఒక ముప్పై దాకా కావాలండీ."

"ఆ ముప్పైమందీ పొద్దుటే ముందెల్తారా?"

"పరిశోధనలో ఉన్నవాళ్ళయితే ఔనండీ."

"మీ ముక్కలు సాలినాక?"

శారద చేతిలో కాగితాలు సర్దుకుంది.

నేను కాగితం తీసుకుని చదివి వినిపించాను. అన్నీ తీయటి మాటలే. ఒక చోట, ఎప్పుడైనా సరే, కారణం చెప్పకుండానే ఇందులోంచి తప్పుకోవచ్చు, అందువల్ల మీ వైద్యానికి ఏ లోటూ రాదు అని ఉంది. "ముక్క పట్టుకుపోయాక తప్పుకుని ఏం ఊడబొడుస్తాం?" అన్నాను. శారద బుద్ధిగా చెప్పింది, మీరు వద్దంటే ఆ ముక్కని మేం వాడకూడదండీ, తీసెయ్యాలి, నియమం అది అని. రమాకుమారి ఆ మాట విని, సరే అని, సంతకం పెట్టేసింది.

అన్నట్టే ఆ రోజు మొదటి ట్రాలీ మాదే. జనం వరండాలో ఇంకా మట్టికప్పుల్లో టీ తాగుతూనే ఉన్నారు, ఆపరేషన్ అయిపోయింది. ఇంతే పని. ఈ మాత్రం పనికి ఇన్ని వారాలు తిప్పారు. ఆశిష్ బాబు టోపీ తీసుకుంటూ బయటికి వచ్చాడు. బాగా జరిగిందని చెప్పాడు. రొమ్ము మొత్తం తీసేశామని, చంకలో బిళ్ళలకి కూడా పాకి ఉందని, కీమో ఎక్కువ ఇవ్వాల్సి రావచ్చని చెప్పాడు. చెప్పి, తల అడ్డంగా ఊపుతూ, "మీరు కొంచెం ముందుగా వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు.

కొంచెం ముందుగా! నేను చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. లోపల రమాకుమారికి ఇంకా తెలివి రాలేదు. కుట్లు విప్పాలి, కీమో కావాలి, మళ్ళీ ఈయన దగ్గరికే రావాలి. దాచుకో అంది కదా. దాచుకున్నాను. ఆ కొంగు ఇప్పటికీ చిరిగే ఉంది.

వార్డులో రమాకుమారి పక్క మంచం సమీరది. టికియాపారా నుంచి వచ్చిన పిల్ల, ఇంకా ముప్పై కూడా నిండలేదు. పెద్దపేగులో గడ్డ. ఆమె మంచానికి కూడా మా మంచానికి ఉన్నట్టే ఎర్రచుక్క కాగితం అంటించి ఉంది. ఆ చుక్క ఎందుకో వార్డులో చీపురు పట్టినవాళ్ళ దగ్గర్నుంచి చూడ్డానికి వచ్చిన చుట్టాల దాకా అందరికీ తెలుసు. రహస్యం దాచే విధానం అది. రమాకుమారికి కోత జరిగిన రోజునే సమీరకి కూడా జరగాలి. పొద్దుటి నుంచి పస్తు ఉంచి, ఎండ వాలాక వెనక్కి తెచ్చారు. ఆమె మరమరాల పొట్లం విప్పుకుని, తినలేక, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడూ అంతే. సాయంత్రం ఆమె మా వైపు తిరిగి హిందీలో అడిగింది, "దీదీ, మీకు ముందుగా చేశారు కదా. ఎవర్ని పట్టుకున్నారు? నాకూ చెప్పండి, నేనూ వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను" అని.

రమాకుమారి చంక కింద గొట్టానికి వేలాడే రక్తపు సంచీని ఒక చేత్తో పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

తర్వాతి రోజు శారద వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఆ ముక్క అద్భుతంగా వచ్చిందట, ఇంతవరకు ఇంత తాజా ముక్క ఆవిడ చేతికి రానే లేదట. గడ్డ లోపలికి రక్షణ కణాలు బాగానే వచ్చాయట, కానీ చాలావాటిలో అలసట గుర్తులు ఉన్నాయట. ఒక్క ముక్క చూసి ఏదీ చెప్పలేమని, అయినా ఇది చాలా విలువైనదని గబగబా చెప్పుకుపోతోంది.

"డాక్టరమ్మా" అంది రమాకుమారి. "నా ముక్క నాకిచ్చీండి."

శారదకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

"ఎప్పుడైనా తప్పుకోవచ్చన్నారు. మా ఒదిన సదివినాది. కారనం సెప్పక్కర్నేదన్నారు గానీ, నాను సెప్తాను. అదుగో, ఆ పిల్ల. దానికీ నా జబ్బే. అదీ నా లాగే తిండి మాని కూకుంతాంది. రేపు దాన్ని ముందెట్టండి. నేకపోతే నా ముక్క పారీండి. మీ పుస్తకంలోంచి నన్ను తీసీండి."

"అమ్మా, అది నా చేతిలో లేదండీ. నేను సర్జన్ని కాదు. ఆవిడది పేగు కేసు, మా పరిశోధనలో లేదు..."

"నానున్నాను గదా. నాను మీ సేతిలో ఉన్నాను. మీరు ఆయనకి సెప్పండి."

ఆమె గొంతు పెంచలేదు. నేనైతే వార్డు కప్పు ఎగిరిపోయేలా అరిచి ఉండేదాన్ని. శారద నన్ను చూసింది, నేను సాయం వస్తానేమోనని. నేను "నియమం అది కదమ్మా" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. వచ్చి రమాకుమారి కాళ్ళ దగ్గర మంచం అంచున కూర్చుంది. "పరిశోధన కేసు కాబట్టి మీకు చేశానన్నారు. ఒక్కొక్కళ్ళకీ ఇలా మార్చుకుంటూ పోతే పద్ధతి ఏమవుతుందన్నారు. నేను చట్టం సంగతి కూడా చెప్పానండీ. ముక్కలు చూసుకునేవాళ్ళు ముక్కలు చూసుకోండి అన్నారు" అంది.

ఇన్నాళ్ళూ మేం ఆ వరండాలో తిన్న అవమానం ఇప్పుడు ఆవిడకీ ఒక ముద్ద పెట్టారు. నాకు జాలి వేసింది, కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు?

కాసేపటికి శారద జేబులోంచి చీటీల కట్ట తీసి ఒకటి రాయడం మొదలుపెట్టింది. నేను తొంగి చూశాను. సమీర పేరు, పరీక్షకి తాజా ముక్క కావాలి, పొద్దుటే మొదటి కేసుగా తియ్యాలి.

"మీ పరిశోధన రొమ్ములది కదా?" అన్నాను.

"ఔనండీ."

"పేగు ముక్క మీకెందుకు?"

"ఎందుకూ కాదండీ. ఎలాగూ మామూలు పరీక్షకి మా విభాగానికే వస్తుంది. తాజాగా కావాలని రాస్తున్నాను, అంతే." ఆవిడ సంతకం పెట్టి చీటీ చింపింది. "వేరే ఏ కారణం చెప్పినా ఆయన వినలేదు మరి."

మర్నాడు పొద్దుట మొదటి ట్రాలీ సమీర మంచం దగ్గర ఆగింది. తోసేవాడు రబ్బరు తొడుగులు వేసుకునే వచ్చాడు, అందులో మార్పేం లేదు. సమీర నమ్మలేనట్టు మా వైపు చూసి నవ్వింది. "చూశారా దీదీ, ఇవాళ నా నంబరే మొదటిది! డాక్టరు సాబ్‌కి ఆఖరికి నేను గుర్తొచ్చాను. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి" అంది. రెండు చేతులూ ఎత్తి ఆయన కోసం దువా కూడా చేసింది.

నేను నోరు తెరిచాను. ఆ పిల్ల ఆశీర్వదిస్తున్నది ఎవర్నో, దేనికో చెప్పేద్దామని. రమాకుమారి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అంత పెద్ద కోత పడిన మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ట్రాలీ తలుపు దాటి, చక్రాల చప్పుడు వరండాలో దూరమయ్యేదాకా వదల్లేదు.

అప్పుడు వదిలింది. "ఒదినా, నీ కోపం దాసీసుకోమన్నాను గదా."

"ఊఁ."

"ఎక్కడెట్టినావు?"

"గొంతులోనే ఉన్నాది. అన్నం దిగనిత్తంనేదు."

"ఇంక తియ్యి" అంది. "ఇప్పుడే కాదు. ఆ పిల్ల లోపలున్నాది, ఆయన సేతిలో కత్తి ఉన్నాది. కత్తి దించీసి ఆయన పైకొచ్చినాక తియ్యి. ఆ డాక్టరమ్మ ఎంతమందికని దొంగ సీటీలు రాత్తాది? సీటీ నేకుండా ఎల్లాల అందరూ. నీకు తెలిసిన సట్టం, నీకు తెలిసిన బెంగాలీ, నీ నోరు, అన్నీ తియ్యి. పేపరోల్లని పిలుత్తానన్నావు, పిలు. నా పేరు సెప్పు, నా కోత సూపించు. నాకేటీ సిగ్గు నేదు."

నేను ఆమెకి మంచినీళ్ళు పట్టి, దుప్పటి సర్ది, చిరిగిన కొంగు నడుముకి చుట్టి బిగించాను. వరండాలోకి వెళ్ళి ఆపరేషన్ గది తలుపుకి ఎదురుగా, మేం మూడుసార్లు కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాను. ఆశిష్ బాబు బయటికి వచ్చాక మొదటి కేసు నేనే.